పైకి అనని మాట

మొన్న మాఘమాసంలో, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న ఒకామె కూతురి పెళ్లికి సాలూరు వెళ్లాను. మధ్యాహ్నానికే పెళ్లి అయిపోయింది. తిరుగు బస్సుకి ఇంకా రెండు గంటలు ఉందని, ఎవరికీ చెప్పకుండా మేం చిన్నప్పుడు ఉన్న వీధి వైపు నడిచాను. మా ఇల్లు లేదు. దాని చోట టైర్ల దుకాణం, దాన్ని ఆనుకుని మోటారు సామాన్ల కొట్టు. వాసన మాత్రం అదే. డీజిలూ, కాలిన రబ్బరూ, ఎక్కడో గోదాంలో మగ్గుతున్న చింతపండూ కలిసిన వాసన. ఎండలో నిలబడి చూస్తుంటే కొట్టాయన బయటికి వచ్చి, "ఎవరి కోసమమ్మా?" అని అడిగాడు. "ఎవరూ లేరు బాబూ" అని వచ్చేశాను. విజయనగరం చేరేదాకా బస్సులో కళ్లు మూసుకునే కూర్చున్నాను. నిద్ర పట్టలేదు. పదేళ్లప్పుడు నేను చేసిన ఒక పని, అప్పట్లో ఇద్దరికి చెప్పాక యాభై ఏళ్లకి పైగా మరెవరికీ చెప్పనిది, పక్క సీట్లో వచ్చి కూర్చున్నట్టుంది.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. మా అయ్య (మా వైపు నాన్నని అలాగే పిలుస్తాం) చేలో పని వదిలి లారీ డ్రైవరై సాలూరు వచ్చాడు. అమ్మ నా ఏడో ఏట జ్వరంతో పోయింది. ఆమె ముఖం కంటే ఆమె చీర కొంగుకి కట్టి ఉండే తాళంచెవి నాకు బాగా గుర్తు. ఆ తర్వాత ఇంట్లో మిగిలింది అయ్య తల్లి మా మామ్మ, నేనూ. అయ్య సామాను వేసుకుని కొండలెక్కి కోరాపుట్ వైపు వెళ్లేవాడు. వారంలో ఇంటి పట్టున ఉండేది ఒకటి రెండు రోజులు. ఆ రెండు రోజులూ నిద్రే. నేను గుమ్మంలో కూర్చుని ఆయన ఊపిరి తీస్తుంటే పొట్ట లేచి పడడం చూసేదాన్ని. లేచాక విస్తళ్లు కుట్టుకునే అడ్డాకుల కట్టో, పనసకాయో నా ముందు పెట్టి, "తిన్నావేటే సత్తీ?" అనేవాడు. నా పేరు సత్యవతి. తిన్నానని నేననేదాన్ని. మా ఇద్దరి మధ్యా మాటలు దాదాపు అంతే. మళ్లీ లారీ చప్పుడు వీధి మలుపు తిరిగి వినబడకుండా పోయేదాకా నిలబడి, లోపలికి వచ్చేదాన్ని.

మామ్మ తెల్లవారకముందే లేచేది. ఆవు పేడతో కల్లాపి చల్లి, పొయ్యి రాజేసి, చోడి అంబలి కాచేది. బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న చిన్న కుండలో వేసేది. అది అమ్మోరి పిడికెడు. ఆ గూట్లో విగ్రహం లేదు, పటం లేదు. పసుపు రాసిన రాయి, దాని ముందు ఒక ప్రమిద, అంతే. కానీ మామ్మకి అమ్మవారు ఆ గూట్లో ఒక్క క్షణం కూడా కూర్చుని ఉన్నట్టు తోచేది కాదు. అమ్మవారు ఎప్పుడూ ఎక్కడో పని మీద ఉండేది. పాలు సరిగ్గా తోడుకుంటే, "అమ్మ సెయ్యేసింది" అనేది మామ్మ. పెరట్లో చిక్కుడుపాదు కర్రని చుట్టుకుంటే నన్ను పిలిచి చూపించి, "దీనికెవులు సెప్పినారే, కర్ర ఇక్కడున్నాదని? కల్లున్నాయేటి దీనికి?" అనేది. చీమలు గుడ్లు నోట కరుచుకుని గోడ ఎక్కితే, వాన వస్తుందని వాటి చెవిలో చెప్పింది అమ్మే. కోడిపిల్లని గద్ద తన్నుకుపోబోయి వదిలేస్తే, అడ్డం వచ్చింది అమ్మ చెయ్యే. మామ్మతో ఉంటే లోకం నిండా ఒక పెద్ద చెయ్యి తిరుగుతూ, సర్దుతూ, తుడుస్తూ ఉన్నట్టుండేది.

చంద్రుడి మీద మనుషులు దిగారని బడిలో మాస్టారు చెప్పిన రోజు నేను పరిగెత్తుకుంటూ వచ్చి మామ్మకి చెప్పాను. దేవుళ్లున్న చోటికి మనుషులు వెళ్లిపోయారంటే మామ్మ ఏమంటుందో చూడాలని నా ఆశ. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ, "ఎల్లడం గొప్పేటే? తిరిగి ఇంటికి సేరినారా?" అంది. ఇంకా దారిలోనే ఉన్నారట అన్నాను. చేట పక్కన పెట్టేసింది. "ఐతే ఆల తల్లులు ఇంకా అన్నం తినుండరు" అని, ఆ సాయంత్రం గూట్లో మామూలుగా పెట్టే ఒత్తికి తోడు ఇంకో ఒత్తి వెలిగించింది. వాళ్లు ఇళ్లకి చేరారని మాస్టారు చెప్పేదాకా రోజూ రెండు ఒత్తులు వెలిగాయి.

నాకు స్నేహితులు లేరు. వీధిలో పిల్లలు ఉండేవారు గానీ, తల్లి లేని పిల్ల అని వాళ్ల ఇళ్లలో నన్ను చూసి పెద్దవాళ్లు నిట్టూర్చేవారు. ఆ నిట్టూర్పుకి భయపడి వెళ్లేదాన్ని కాదు. నాకున్నది పైడమ్మ పిన్ని ఒక్కతే. పెంకుటింట్లో సగం మాది, సగం వాళ్లది. మధ్య గోడ వాసాల దాకా లేదు. అటు దగ్గితే ఇటు వినబడేది. ఆమె భర్త అప్పలసామి కూడా డ్రైవరే, అయ్య పనిచేసే యజమాని దగ్గరే. ఎప్పుడూ రెండు లారీలూ కలిసి వెళ్లేవి. పిన్నికి అప్పటికి ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. పిల్లల్లేరు. ఆమెది కోటబొమ్మాళి దగ్గర పల్లె. తను మా మామ్మని అత్తా అనేది. మధ్యాహ్నాలు నాకు తల దువ్వేది, చింతపిక్కలాడేది, తన ఊరి చేల గురించి చెప్పేది. మగవాళ్లు వెళ్లిన రోజుల్లో మా ముగ్గురిదీ ఒకే పొయ్యి. అమ్మ పోయాక నాకు ఇల్లంటే ఆ మధ్యాహ్నాలే.

ఆ ఏడు వానలు జోరుగా పడ్డాయి. వేగావతి ఏరు ఎర్రగా, నిండుగా పారుతోంది. రెండు లారీలూ ఉప్పూ ఉల్లిపాయలూ వేసుకుని కోరాపుట్ వెళ్లి, అక్కణ్నుంచి చింతపండుతో తిరిగి రావాలి. రావలసిన రోజు దాటింది. వానల్లో అది మామూలే. మర్నాడు పొద్దున్న గ్యారేజీలో పనిచేసే ఒక ముసలాయన మా గుమ్మం ముందు ఆగి, తలపాగా విప్పి చేత్తో పట్టుకున్నాడు. అది చూసే మామ్మ లేచి నిలబడింది.

"ఘాటీలో కొండిరిగిందటమ్మా. మనూరి లారీ ఒకటి లోయలోకి ఎల్లిపోనాదట. ఎవులిదో తెల్దు. దారి మూసీసినారు."

"ఒకటేనా?" అంది పిన్ని.

"ఒకటే అంతన్నారమ్మా."

ఆయన వెళ్లిపోయాడు. ఒకటి. ఆ మాట ఇంట్లోకి వచ్చి ఇద్దరు ఆడవాళ్ల మధ్య కూర్చుంది. మామ్మ పిన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఆ రోజూ, మర్నాడూ పిన్ని మా ఇంట్లోనే ఉంది. పొయ్యి వెలిగించింది నాకు గంజి కాయడానికి మాత్రమే. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా పక్కపక్కనే కూర్చున్నారు. రెండో రోజు మధ్యాహ్నం పిన్ని నన్ను దగ్గరికి పిలిచి, "పిల్లల మాట అమ్మోరు ఇంటాదే సత్తీ. ఇద్దరి పేర్లూ సెప్పి దండం ఎట్టు" అంది. నేను గూటి ముందుకి వెళ్లి కళ్లు మూసుకున్నాను. ఇద్దరి పేర్లూ చెప్పాలనే అనుకున్నాను. కానీ పడిపోయింది ఒకటి. ఇద్దరి పేర్లూ చెబితే అమ్మవారు ఎలా తేల్చుకుంటుంది? నాకు అమ్మ ఎలాగూ లేదు. చేతులు జోడించి, పెదాలు కదపకుండా, "మా అయ్యది కాకుండా సూడమ్మా" అన్నాను. అంటే రెండోది కావాలని. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. అయ్య నడిచి వచ్చాడు. ఒళ్లంతా మన్ను, కాళ్లకి చెప్పుల్లేవు. మామ్మ గుమ్మంలోంచి అరుస్తూ పరిగెత్తి, వీధి మధ్యలో ఆయన్ని కౌగలించుకుని, మోకాళ్ల మీద కూలబడింది. "నా తల్లీ! నా బిడ్డకి సెయ్యడ్డేసినావమ్మా! సెయ్యడ్డేసి ఆపినావమ్మా!" అని ఆకాశం వైపు రెండు చేతులూ ఎత్తి కేకలు పెట్టింది. చుట్టుపక్కల వాళ్లంతా బయటికి వచ్చారు. నేను అయ్య కాళ్లు పట్టుకున్నాను. అంత సంతోషం మళ్లీ ఎప్పుడూ పడలేదు, నిజమే చెబుతున్నాను. అప్పుడు తల ఎత్తి చూస్తే, అయ్య మమ్మల్నిద్దరినీ చూడడం లేదు. గుమ్మంలో నిలబడ్డ పిన్ని వైపు చూస్తున్నాడు. పిన్ని అయ్యని దాటి వెనక రోడ్డు వైపు చూస్తోంది.

అయ్య అక్కడే నిలబడి చెప్పాడు. ఘాటీ మలుపులో డ్రైవర్లందరూ మొక్కే అమ్మవారి రాయి ఉంది. కాయ కొట్టకుండా దిగొద్దని మామ్మ ఆజ్ఞ. అయ్య అక్కడ లారీ ఆపాడు. "అన్నా, ఇద్దరి పేరునా కొట్టీ. పైడి ఒక్కర్తే ఉన్నాది, నాను మెల్లిగా ఎల్తుంటాను" అని అప్పలసామి ముందుకి సాగాడు. అయ్య కాయ కొట్టి, కర్పూరం వెలిగించి, ఇంకా లేవలేదు. కింద మలుపులో కొండ విరిగిన చప్పుడైంది.

"ఎతికినానమ్మా" అన్నాడు అయ్య. "రెండు రోజులూ ఎతికినాం" అని ఇంక చెప్పలేకపోయాడు.

పిన్ని ఏడవలేదు. వీధిలో మోకాళ్ల మీదున్న మామ్మ దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె గొంతు మామూలుగానే ఉంది. "అత్తా, అమ్మోరికి ఒక సెయ్యేనా? రెండో సెయ్యి నేదా?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. మామ్మ ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. తర్వాత మెల్లిగా దించి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకుంది.

కర్మలయ్యాక పిన్ని అన్న వచ్చి ఆమెని తీసుకుపోయాడు. వెళ్లేటప్పుడు నా వైపు చెయ్యి చాచింది. నేను తలుపు వెనక్కి వెళ్లిపోయాను. తన భర్తని చంపినదాన్నే ముట్టుకోబోతోందని, ఆ సంగతి ఆమెకి తెలియదని నా భయం. గోడకి అటువైపు తాళం పడింది. దగ్గు లేదు, గాజుల చప్పుడు లేదు. మధ్యాహ్నాలు నేను గోడకి చెవి ఆనించి కూర్చునేదాన్ని. అయ్య ఇంకో లారీ ఎక్కాడు, వేరే పని ఆయనకి రాదు. ఇంటికొచ్చినప్పుడు అంతకు ముందు కంటే తక్కువ మాట్లాడేవాడు. అన్నిటికంటే పెద్ద మార్పు మామ్మలో వచ్చింది. పొద్దున్నే లేవడం, కల్లాపి, అమ్మోరి పిడికెడు, ప్రమిద, ఏదీ ఆగలేదు. కానీ "అమ్మ సెయ్యేసింది" అనే ఆ మాట ఆగిపోయింది. చిక్కుడు మళ్లీ పూసింది, కోడి పిల్లల్ని చేసింది, మామ్మ చూసేది, పెదవి కదిలేది, అంతలో నోరు మూసుకుని పనిలోకి వెళ్లిపోయేది. నేను ఆ మాట కోసం ఎదురుచూసేదాన్ని. లోకం నిండా తిరిగే ఆ చెయ్యి ఎవరో తీసేసినట్టు, పెరడంతా బోసిగా ఉండేది. నేను మటుకు గూటి వైపు చూడడమే మానేశాను. అమ్మవారు నా మాట విన్నదని నాకొక్కదానికే తెలుసు. అంతటి రహస్యంతో ఒక ఏడాది ఆ ఇంట్లో బతికాను. పిల్లల ఒంటరితనం పెద్దవాళ్లది కంటే చిన్నది అనుకునేవాళ్లు తమ చిన్నతనం మరిచిపోయి ఉండాలి.

మళ్లీ వానలు మొదలైన రోజుల్లో నాకు జ్వరం వచ్చింది. మామ్మ గూట్లోంచి పసుపు తెచ్చి నుదుట రాయబోతే ముఖం పక్కకి తిప్పుకున్నాను.

"ఏటే?" అంది.

"నాకు ఒద్దు. అమ్మోరు నా మాట ఇని అప్పలసామి బాబాయిని సంపీసింది" అన్నాను. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. అంతా చెప్పేశాను.

మామ్మ నన్ను తిట్టలేదు, ముద్దు చెయ్యలేదు. మంచం పట్టె మీద కూర్చుని చేతిలో పసుపు చూసుకుంది. తర్వాత అంది: "ఓసి గుంటా. నువ్వు సెప్తే కొండిరుగుతాదేటి? మీ యమ్మ మంచాన ఉన్నప్పుడు ఎన్ని మొక్కులు మొక్కినాను నాను! బతికిందేటి? మీ అయ్య ఇద్దరి పేరునా కాయ కొట్టినాడు. మరదేటైనాది?"

"మరి సెయ్యడ్డేసిందన్నావు గదా మామ్మా?"

"అన్నాను." చేతి పసుపు కొంగుకి తుడుచుకుంది. "ఉన్నాదే సెయ్యి. నేదని నాననను. ఎటెల్తాదో, ఎందుకెల్తాదో నాకు తెల్దు. తెలిసినట్టు ఈదిలో నిలబడి అరిసినాను. ఆ పిల్ల ముందు అరిసినాను." మామ్మ నోటి వెంట తెలియదు అనే మాట నేను అదే మొదటిసారి వినడం. అప్పటిదాకా ఆమెకి తెలియనిది లేదనుకున్నాను. జ్వరం తగ్గిన వారానికి, "పద, పైడిని సూసొద్దాం" అంది.

సాలూరు నుంచి బొబ్బిలికి చిన్న రైలు, అక్కణ్నుంచి విజయనగరం, అక్కడ మళ్లీ మారి కోటబొమ్మాళి. అంత దూరం నేను ఎప్పుడూ వెళ్లలేదు. కిటికీలోంచి చేలు, చేల మధ్య తాటిచెట్లు, నీళ్లలో వంగి ఊడుస్తున్న ఆడవాళ్ల వరసలు. లోకంలో ఇంతమంది ఉన్నారా అనిపించింది. ఒక్కొక్కరికీ ఎక్కడో ఒక గూడు ఉంటుంది, ఒక్కొక్కరూ ఒక పేరు చెప్పి దండం పెడుతుంటారు. ఇన్ని పేర్లు వినే ఆమెకి చెవులు నొప్పెట్టవా అనుకున్నాను. మామ్మ దారి పొడుగునా చద్దన్నం మూట ఒళ్లో పెట్టుకుని బయటికే చూసింది.

స్టేషన్ నుంచి రెండు మైళ్లు నడిచాం. పిన్ని చేలో ఉంది, వదినతో కలిసి నారు పీకుతోంది. మమ్మల్ని చూసి నడుం నిటారు చేసి, చేతుల బురద చీరకి తుడుచుకుంటూ గట్టు మీదికి వచ్చింది. చిక్కిపోయింది. మామ్మ ఆమె ఎదురుగా నిలబడి, "పైడీ, ఆ రోజు నాను అలగ అరవకుండా ఉండాల్సింది" అంది. అంతే అంది. చిన్నదాని ముందు పెద్దామె అలా తల దించుకుని నిలబడడం మా ఇళ్లలో ఉండదు. పిన్ని, "తల్లివి గదా అత్తా, అరవ్వేటి మరి" అని గట్టు మీద చోటు చూపించింది. మామ్మ కూర్చోలేదు. నన్ను ముందుకి తోసి, "ఇది నీకేటో సెప్పాలంట" అని తను చేలోకి దిగి, పిన్ని వదిలిన చోట నారు పీకడం మొదలుపెట్టింది.

నేను చెప్పాను. పిన్ని ముఖం చూడకుండా, బురదలో నా కాలివేళ్లు చూసుకుంటూ చెప్పాను. ఇద్దరి పేర్లూ చెప్పమంటే ఒక్కటే చెప్పానని, రెండోది కావాలని అడిగానని. చెప్పడం అయిపోయింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"నానూ అంతేనే సత్తీ" అంది చివరికి.

నాకు అర్థం కాలేదు.

"పైకి ఇద్దరన్నాను. లోన ఒక్కడి పేరే సెప్పుకున్నాను. మీ అయ్య ఎల్లిపోనా పరవానేదు, నా మొగుణ్ని తేయమ్మా అన్నాను. నువ్వు గూటి కాడ దండం ఎడతంటే నీ యెనకాలే కూకుని అన్నాను. తల్లి నేని పిల్ల తండ్రిని తీసుకెల్లిపొమ్మన్నాను." ఆమె నా వైపు తిరిగింది. "అందుకే ఆ రోజు నీకు సెయ్యి సాపినాను. నువ్వు తలుపెనక్కి పోనావు. దీనికి తెలిసిపోనాదనుకున్నాను."

ఏడాదంతా ఆమె నన్ను తలుచుకుని భయపడింది. నేను ఆమెని తలుచుకుని భయపడ్డాను. ఇద్దరం గట్టు మీద కూర్చుని ఏడ్చాం. ఒకరినొకరు ఓదార్చుకోలేదు, ఊరికే పక్కపక్కన కూర్చుని ఏడ్చాం. చేలో మామ్మ తల ఎత్తలేదు. పిన్ని వదిన ఏదో అడగబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఆ పూట వాళ్లింట్లో ఉలవచారుతో అన్నం తిన్నాం. పిన్ని మమ్మల్ని స్టేషన్ దాకా సాగనంపింది. మళ్లీ రమ్మని ఆమె అనలేదు, వస్తామని మేమూ అనలేదు. రెండేళ్ల తర్వాత ఆమెకి మారుమనువు చేశారని, ఒరిస్సా వైపు వెళ్లిందని విన్నాం. ఆ తర్వాత కబురు లేదు. మామ్మ నా పదోతరగతి ఏట పోయింది. అయ్య ముసలితనం దాకా బతికి, పక్క మీదే, నిద్రలోనే వెళ్లిపోయాడు. డ్రైవర్లకి అది గొప్ప చావంటారు. నేను చదువుకుని టీచరునయ్యాను. పెళ్లి చేసుకోలేదు, దానికి కారణాలు వేరే.

ఇప్పుడు లారీ ఎక్కడుందో యజమాని ఫోనులో చుక్కలాగా కనబడుతుందట. గుమ్మంలో నిలబడి ఎదురుచూడనక్కర్లేదు. విజయనగరంలో నేనుండే ఇంటి గోడలు కప్పు దాకా ఉన్నాయి. పక్కింటివాళ్లు దగ్గినా వినబడదు. ఎవరైనా గండం గట్టెక్కితే అందరూ వెంటనే దేవుడే కాపాడాడని ఫోనులో పంపుతారు, చేతులు జోడించిన బొమ్మలతో. నేను దానికి ఏమీ రాయలేను. కాపాడలేదని నేననుకోను. ఆ పక్కనే వేరే ఎవరి తలుపు ముందు ఎవరు తలపాగా విప్పి నిలబడ్డారో అనిపిస్తుంది. దేవుడి సంగతి నాకు మామ్మ కంటే ఎక్కువ తెలియదు. కానీ ఆ గట్టు మీద, కాళ్లు బురదలో పెట్టుకుని, ఒకే తప్పు చేసిన ఇద్దరం పక్కపక్కన కూర్చున్న ఆ కాసేపూ, అమ్మ పోయాక మొదటిసారి, నేను ఒక్కదాన్నే లేననిపించింది. ఆ రోజు ఆ రైలు ఎక్కించి నన్ను అక్కడికి చేర్చింది ఏమిటని అడిగితే, పాత రోజుల మామ్మ అయితే తడుముకోకుండా చెప్పేది. నాకూ ఆ మాట నోటి దాకా వస్తుంది. పైకి అనను.